పరదేశంలో పతాకోత్సవం

విద్యకోసం దేశాంతరం వెళ్లడం ఈనాటి వింత కాదు. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, కృష్ణాతీరాన, సింహళ విహారం ఉండేదని నాగార్జునకొండ శాసనాలు చెబుతున్నాయి. 7వ శతాబ్దిలో చైనా నుంచి హ్యూయన్‌త్సాంగ్ కొండలు, ఎడారులు దాటి వచ్చి నలందలో చదువుకొన్నాడు. ఆనాడు లోకం ఇటు వచ్చింది. ఈనాడు ఇక్కడి యువత అటు వెళుతున్నది. తెలుగునేల నుంచి ఏటా వేలాది విద్యార్థులు ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ మొదలైన దేశాలకు తరలిపోతున్నారు. వారు అక్కడ గ్రంథాలయంలో నేర్చుకొనేది ఎంతో, వీథులలో, రైళ్లలో, అంగళ్లలో, ఆటస్థలాలలో నేర్చుకొనేది అంతకు తక్కువ కాదు. అయితే రెండవ రకం చదువుకు పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు. అందువల్ల అది చదువని గుర్తించేవారూ తక్కువే.

అటువంటి విద్యార్థి చదువుకొంటున్న నగరంలోనే ఒక అంతర్జాతీయ క్రీడోత్సవం జరిగిందనుకొందాం. దాని ప్రారంభోత్సవానికి అతడు వెళ్లాలా, వద్దా? వెళితే అక్కడ చూడవలసినది ఏమిటి? పైకి ఇది చిన్న ప్రశ్న. బాణసంచా, సంగీతం, నృత్యాలు చూచి రావడానికి ఇంత ఆలోచన ఎందుకని అనిపించవచ్చు. కాని పరదేశంలో ఒంటరిగా బ్రతుకుతున్న యువకునికి, యువతికి ఆ ఒక్క సాయంత్రం స్వదేశాన్ని గురించీ, పరులను గురించీ, తమను గురించీ ఆలోచించుకొనే అవకాశం ఇస్తుంది. దానిని వినోదంగా వదలివేస్తే వచ్చే నష్టం టిక్కెట్టు ఖరీదు కన్న పెద్దది.

ఇందుకు 2022 జూలై 28వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జరిగిన ఉత్సవాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ సాయంత్రం అక్కడి అలెగ్జాండర్ స్టేడియంలో 22వ కామన్వెల్త్ క్రీడలు ప్రారంభమైనాయి. 72 దేశాల, ప్రాంతాల క్రీడాకారులు తమ తమ పతాకాలతో నడచివచ్చారు. భారత బృందానికి ముందు త్రివర్ణ పతాకాన్ని పట్టుకొని నడచినవారు ఇద్దరు. ఒకరు హాకీ క్రీడాకారుడు మన్‌ప్రీత్ సింగ్. మరొకరు హైదరాబాదుకు చెందిన బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు. ఆమె ఆ తరువాత ఆగస్టు 8న మహిళల సింగిల్స్‌లో స్వర్ణపతకం గెలుచుకొన్నది.

ఈ క్రీడలకు, విద్యార్థులకు మరొక సంబంధం కూడా ఉన్నది. క్రీడాకారుల నివాసానికి ప్రత్యేకంగా ఒక గ్రామాన్ని నిర్మించాలని మొదట తలపెట్టారు. కరోనా వ్యాధి ప్రబలడంతో 2020లో ఆ ఆలోచన మానుకొన్నారు. అందువల్ల ఎందరో క్రీడాకారులకు బర్మింగ్‌హామ్, వార్విక్ విశ్వవిద్యాలయాల వసతిగృహాలే విడిది అయినాయి. పరీక్షల ముందు విద్యార్థులు రాత్రింబవళ్లు చదువుకొన్న చోటనే, పోటీల ముందు క్రీడాకారులు నిద్రపట్టక దొర్లారు. హాకీ పోటీలు కూడా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే జరిగాయి.

ఆ స్టేడియంలో, గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్లిన ఒక విద్యార్థి కూర్చొని ఉన్నాడనుకొందాం. వెళ్లి ఏడాది కూడా కాలేదు. అద్దె ఇంట్లో నలుగురితో కలిసి ఉంటాడు. పగలు తరగతులు, రాత్రి ఏదో దుకాణంలో చిన్న ఉద్యోగం. అమ్మతో మాట్లాడేటప్పుడు అన్నం తిన్నానంటాడు, తినకపోయినా. అతడు బడిలో చదివే రోజుల్లో ఆగస్టు 15 అంటే సున్నపు గీతలు గీసిన ఆవరణ, రంగుకాగితాల తోరణాలు, జెండావందనం కాగానే చేతిలో పడే మిఠాయి. ఆ జెండా ఎప్పుడూ అక్కడే ఉండేది కనుక దానిని గురించి అతడు ప్రత్యేకంగా తలచుకొన్నది లేదు. ఇప్పుడు వేల మైళ్ల దూరంలో, తెలియని జనం మధ్య, ఆ మూడు రంగులు ద్వారం దాటి లోపలికి రాగానే అతనికి గొంతు పూడుకొనిపోతుంది. పక్కవారు ఏమనుకొంటారో అన్న సంకోచం వదలి లేచి నిలబడతాడు. చేతులు నొప్పిపుట్టేదాకా చప్పట్లు కొడతాడు.

ఈ అనుభూతి నిజమైనది, పవిత్రమైనది. ఇంటికి దూరమైనవానికే ఇల్లు పూర్తిగా కనిపిస్తుందన్న మాట అనుభవం మీద తెలుస్తుంది. కాని ఆ ఉత్సవం నేర్పే పాఠం ఇంతటితో ముగియదు. స్వదేశ పతాకాన్ని చూచి పులకించడానికి ఎవరూ నేర్పనవసరం లేదు; అది తల్లిని చూచిన బిడ్డ నవ్వు వంటిది. నేర్చుకోవలసినది తక్కిన 71 పతాకాల విషయంలో ఉన్నది. తన దేశం నడచిపోయిన తరువాత ఆ విద్యార్థి కూర్చొని ఫోనులో ఫొటోలు చూసుకొంటున్నాడా, లేక ముక్కూముఖం తెలియని దేశం వస్తే కూడా అంత ఇష్టంగానూ చప్పట్లు కొడుతున్నాడా? అతడు ఆ సాయంత్రం ఏమి చదువుకొన్నాడో దీనిని బట్టి చెప్పవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆనాడు నడచిన దేశాలలో తువాలు ఒకటి. ఆ పేరు వినగానే తెలుగువానికి పెదవులపై నవ్వు వస్తుంది. భుజం మీద వేసుకొనే తువాలు పేరుతో ఒక దేశమా అని పక్కనున్న మిత్రునితో పరిహాసం ఆడాలనిపిస్తుంది. అందులో పెద్ద తప్పు లేదు. కాని నవ్వు దగ్గరనే ఆగిపోతే తప్పు. పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న ఆ చిన్న దీవుల దేశం జనాభా సుమారు 11 వేలు. తెలుగునాట ఒక పెద్ద గ్రామం జనాభా అంత. వారి భాషలో తువాలు అంటే కలిసి నిలిచిన ఎనిమిది అని అర్థం. పూర్వం జనావాసం ఉన్న ఎనిమిది దీవులు కలిసి నిలిచినందుకు ఆ పేరు. ఆ నేల ఎక్కడా సముద్రమట్టం కంటె 5 మీటర్లు మించి ఎత్తు లేదు. భూతాపం పెరిగి సముద్రం పొంగుతున్నకొద్దీ ఆ దేశం ఉనికే ప్రశ్నార్థకమవుతున్నది. తమ కాళ్లకింది నేల మునిగిపోతుందేమోనన్న భయంతో బ్రతికే ప్రజల ప్రతినిధులు కొందరు ఒక జెండా పట్టుకొని నవ్వుతూ చేతులు ఊపుతూ నడచివస్తున్నారని తెలిసిన తరువాత, ఆ పేరు విని నవ్విన విద్యార్థి మళ్లీ అదే విధంగా నవ్వగలడా?

తెలుగువాడు ఈ విషయంలో మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. పరదేశంలో అతని పేరు కూడా ఎదుటివారికి నోరు తిరగదు. హాజరు పిలిచే అధ్యాపకుడు ఆ పేరు దగ్గరకు రాగానే తడబడతాడు. ఇంటిపేరును పేరనుకొంటాడు, పేరును ముక్కలు చేస్తాడు. కొందరు ఓపికగా అడిగి నేర్చుకొంటారు. కొందరు తమకు తోచిన పొట్టిపేరు పెట్టి వదలిపెడతారు. పేరు సరిగా పలికినవారి మీద ఆ విద్యార్థికి ఎంత అభిమానం కలుగుతుందో అనుభవించినవారికి తెలుసు. తన పేరుకు కోరుకొనే గౌరవాన్ని తువాలు పేరుకు ఇవ్వడం న్యాయం.

నియూ అన్న మరొక దీవి ఉన్నది. దాని జనాభా రెండువేలకు లోపు. బర్మింగ్‌హామ్ క్రీడలలో ఆ దీవికి చెందిన ఒక బాక్సర్ కాంస్యపతకం గెలిచాడు. కామన్వెల్త్ క్రీడల చరిత్రలో నియూకు అదే మొదటి పతకం. స్వర్ణాలను పదుల సంఖ్యలో లెక్కపెట్టుకొనే దేశాలకు ఒక కాంస్యం లెక్కలోకి రాకపోవచ్చు. రెండువేలమందికి అది పండుగ. పెద్ద దేశం నుంచి వెళ్లిన విద్యార్థికి ఈ కొలత తెలియాలి. నూటనలభై కోట్ల జనంలో పుట్టినందువల్ల కలిగే ధీమా మంచిదే. అది చిన్నవారిని చిన్నచూపు చూడడానికి దారి తీయకూడదు.

ఇంక పొరుగుదేశాల మాట. బర్మింగ్‌హామ్ నగరంలో పాకిస్తాన్ మూలాలు ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. భారతీయ విద్యార్థి పక్క ఆసనంలో అటువంటి కుటుంబం కూర్చొని ఉండడం అసంభవం కాదు. స్వదేశంలో ఉన్నంతకాలం ఆ దేశం అతనికి వార్తలలోను, క్రికెట్ పోటీలలోను మాత్రమే తెలుసు. ఇక్కడ ఆ దేశం ఒక తాతగారుగా, తల్లిగా, తినుబండారాలు పంచుకొనే పిల్లలుగా పక్కన కూర్చొని ఉంటుంది. ఆ రాత్రి వేదికపై మాట్లాడినవారిలో మలాలా యూసఫ్‌జాయ్ ఒకరు. ఆడపిల్లల చదువుకోసం గొంతెత్తినందుకు 2012లో పాకిస్తాన్‌లో ఆమెపై కాల్పులు జరిగాయి. ప్రాణాపాయ స్థితిలో ఆమెను తీసుకువచ్చినది బర్మింగ్‌హామ్ ఆసుపత్రికే. కోలుకొన్న తరువాత ఆమె ఆ నగరంలోనే బడిలో చేరింది; అటుపై ఆక్స్‌ఫర్డ్‌లో చదివి 2020లో పట్టభద్రురాలైంది. రోగిగా వచ్చి విద్యార్థినిగా నిలిచిన ఆ యువతి, ప్రతి బిడ్డకూ చదువుకొనే హక్కు ఉన్నదని ఆ వేదికపై నుంచి చెప్పింది. పరదేశంలో చదువుకొంటున్నవారికి ఆమె జీవితం కంటె దగ్గరి పాఠం ఏముంటుంది? ఆమె పుట్టిన దేశం పేరు విని చప్పట్లు ఆపుకొనేవాడు తన చదువును తానే అవమానించుకొన్నవాడు అవుతాడు.

ఈ అభిప్రాయానికి కొన్ని ఆక్షేపణలు ఉన్నాయి. వాటిని తోసిపుచ్చడం కంటె విచారించడం మేలు.

మొదటిది చరిత్రకు సంబంధించినది. కామన్వెల్త్ క్రీడలు 1930లో కెనడాలోని హామిల్టన్‌లో ప్రారంభమైనప్పుడు వాటి పేరు బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలు. ఒకనాడు పాలించినవారి పంచన చేరి, పాలితుల వారసులు వరుసగా నడవడం ఏమి గౌరవమని అడిగేవారు ఉన్నారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉన్నది. సామ్రాజ్యం చేసిన గాయాలను సంగీతంతోను, దీపాలతోను కప్పివేయలేరు. కాని అదే నడక మరొక విధంగా కూడా అర్థమవుతుంది. 1948 జూలై 29న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనప్పుడు, భారతదేశం తొలిసారిగా స్వతంత్ర దేశంగా వాటిలో పాల్గొన్నది. నాడు పతాకం పట్టుకొన్నవాడు నాగా ప్రాంతానికి చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, వైద్యవిద్య అభ్యసించిన తాలిమెరెన్ ఆవో. ఏడాది కిందటివరకు తమను ఏలిన రాజధానిలో భారతీయులు ఎవరి ప్రజలుగానూ కాక, తమంత తాముగా నడిచారు. ఆగస్టు 12న హాకీ అంతిమ పోటీలో బ్రిటన్‌ను 4-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. కనుక ఆ నడకలో తలవంచుకొన్నది ఏమీ లేదు. పాత చరిత్రను మరచిపోకుండా, దానికి బానిస కాకుండా, సమానులుగా నిలబడడం అక్కడ కనిపించింది.

బర్మింగ్‌హామ్ ఉత్సవంలో ఆతిథేయులు తమ వైభవాన్ని మాత్రమే చూపలేదన్నది కూడా గమనించదగినది. సుమారు 10 మీటర్ల ఎత్తుగల ఒక యాంత్రిక వృషభాన్ని గొలుసులు తయారుచేసే స్త్రీల వేషంలో ఉన్నవారు లాగుకొని వచ్చారు. పారిశ్రామిక యుగంలో ఆ ప్రాంతపు స్త్రీలు కొలుముల దగ్గర గొలుసులు చేస్తూ అతితక్కువ కూలికి బ్రతికారు. 1910లో క్రాడ్లీ హీత్ అన్న ఊరిలో వారు సమ్మె చేసి కనీస వేతనం సాధించారు. తమ నగరం సంపద వెనుక ఎవరి చెమట ఉన్నదో నలుగురి ముందు చెప్పుకొనడానికి కొంత ధైర్యం కావాలి. ఆతిథేయులు తమ చరిత్ర అంతటినీ చెప్పివేశారని దీని అర్థం కాదు. ఇతరులు తమ చరిత్రలోని చీకటిని ఎంతవరకు చూపారో గమనించిన విద్యార్థి, తన నేల చరిత్రను కూడా అదే కంటితో చూడడం నేర్చుకొంటాడు.

రెండవ ఆక్షేపణ, ఇటువంటి ఉత్సవాలు రాజకీయ ప్రచారానికి సాధనాలు అన్నది. ఇదీ సత్యమే. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలను ప్రారంభించినవాడు హిట్లర్. ఈనాడు అందరూ మురిపెంగా చూచే ఒలింపిక్ జ్యోతి యాత్ర కూడా మొదట ఆ క్రీడలకోసమే ఏర్పాటైంది. కాబట్టి వెలుగు కనిపించగానే మైమరచిపోకూడదు. ఎవరు వెలిగించారు, ఎందుకు వెలిగించారు అని అడగడం విద్యార్థి ధర్మం. అయితే వెలుగును అనుమానించే పేరుతో కళ్లు మూసుకోవడం వివేకం కాదు. 2016లో రియో ఒలింపిక్ ప్రారంభోత్సవంలో పదిమంది శరణార్థి క్రీడాకారులు ఏ దేశపు జెండా లేక, ఒలింపిక్ పతాకం కింద ఒక జట్టుగా నడచివచ్చారు. స్టేడియం అంతా లేచి నిలబడి వారికి స్వాగతం పలికింది. బెర్లిన్‌లో ప్రచారంగా మారిన వేదిక రకమే రియోలో నిలువనీడ లేనివారికి నీడ అయింది. ఉత్సవం మంచిదా చెడ్డదా అన్నది దానిని నడిపేవారిపైనా, చూచేవారిపైనా ఆధారపడి ఉంటుంది.

మూడవది ధనానికి సంబంధించినది. 2012 లండన్ ఒలింపిక్ ప్రారంభోత్సవానికి టిక్కెట్టు ధర 20.12 పౌండ్ల నుంచి 2,012 పౌండ్ల వరకు పలికింది. బర్మింగ్‌హామ్ క్రీడలకు కేటాయించిన మొత్తం 77 కోట్ల 80 లక్షల పౌండ్లు. ఆ క్రీడలు మొదట దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు దక్కినా, డబ్బు ఇబ్బందుల మధ్య 2017లో ఆ అవకాశం చేజారింది. నగరాలే మోయలేని భారాన్ని విద్యార్థి మోయాలనడం అన్యాయం. అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల సొమ్ముతో ఖరీదైన ఆసనం కొనడం ఎవరూ మెచ్చుకొనే పని కాదు.

అయితే ఉత్సవంలో పాలుపంచుకొనడానికి డబ్బు ఒక్కటే మార్గం కాదు. బర్మింగ్‌హామ్ క్రీడలకు వేలాదిమంది స్వచ్ఛందంగా సేవచేశారు. లండన్‌లో అసలు ఉత్సవానికి ముందు జరిగిన సాధన ప్రదర్శనలను వేలమంది చూచారు. చూచిన రహస్యాన్ని బయటపెట్టవద్దని నిర్వాహకులు వారిని కోరారు. క్రీడాజ్యోతి, క్రీడాదండం వీథులలో సాగేటప్పుడు చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు. చూడడం కంటె చేయడంలో చదువు ఎక్కువ. 1948 లండన్ ప్రారంభోత్సవంలో బ్రిటిష్ జట్టు తన జెండాను కారులో మరచిపోయింది. సమయం మించిపోతున్నవేళ పరుగున వెళ్లి దానిని తెచ్చినవాడు, జట్టుకు సహాయకుడుగా ఉన్న ఆక్స్‌ఫర్డ్ వైద్యవిద్యార్థి రోజర్ బానిస్టర్. 1954లో నాలుగు నిమిషాల లోపున మైలు పరుగెత్తిన తొలి మానవుడుగా లోకం అతనిని ఎరుగును. అంతకు ఆరేళ్ల ముందే అతడు ఒక జెండాకోసం పరుగెత్తాడు.

అంతకంటె చిత్రమైన ఉదంతం 1956 నాటిది. మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలు జరుగుతున్నవేళ జాన్ ఇయాన్ వింగ్ అన్న 17 ఏళ్ల కుర్రవాడు నిర్వాహకులకు ఒక ఉత్తరం వ్రాశాడు. అతడు చైనా సంతతివాడు, వడ్రంగం నేర్చుకొంటున్నాడు. ప్రారంభోత్సవంలో దేశాలవారీగా నడిచినవారు ముగింపు ఉత్సవంలో మాత్రం దేశాల తేడా లేకుండా, కలగలసి, ఒకే జాతిగా నడవాలని ఆ ఉత్తరంలో సూచించాడు. పెద్దలు ఆ మాట విన్నారు. నాటి నుంచి ఒలింపిక్ ముగింపు ఉత్సవాలలో క్రీడాకారులు అలాగే కలిసి నడుస్తున్నారు. ఇంటర్మీడియట్ చదివే వయసులో ఉన్న ఒక కుర్రవాని కలం ప్రపంచపు ఆచారాన్ని మార్చింది.

ఇంక నాలుగవ ఆక్షేపణ అన్నింటికంటె బలమైనది. ఉత్సవంలో చెప్పిన మాటకు, ఉత్సవం తరువాతి బ్రతుకుకు పొంతన ఉండదన్నదే అది. లండన్ ప్రారంభోత్సవంలో, ప్రపంచవ్యాప్త వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ కంప్యూటరు ముందు కూర్చొని, ఇది అందరికోసం అన్న సందేశాన్ని పంపాడు. అది 2012 జూలై. అంతకు మూడు నెలల ముందే, ఏప్రిల్‌లో, చదువు ముగిసిన విదేశీ విద్యార్థులు కొంతకాలం ఉద్యోగం చేసుకొనే వీసా మార్గాన్ని బ్రిటన్ మూసివేసింది. అటువంటి అవకాశం మళ్లీ 2021లో గాని రాలేదు. 2006 మార్చిలో మెల్‌బోర్న్‌లో కామన్వెల్త్ క్రీడలు ఎంతో వైభవంగా ప్రారంభమైనాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2009లో, అదే నగరంలో భారతీయ విద్యార్థులపై దాడులు జరిగి, వారు రక్షణ కోరుతూ వీథులలోకి రావలసి వచ్చింది. దెబ్బలు తిన్నవారిలో తెలుగు విద్యార్థులూ ఉన్నారు. చప్పట్లు కొట్టిన నగరమే అర్ధరాత్రి రైలు దిగిన విద్యార్థికి భయం పుట్టించింది.

ఈ సత్యాన్ని దాచి ఉత్సవాలను పొగడడం కపటమే అవుతుంది. అయితే ఇంటి వైపు కూడా ఒకసారి తిరిగి చూడాలి. 2016లో బెంగళూరులో, 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా దేశాల విద్యార్థులపై జనం దాడి చేశారు. ఉస్మానియా మొదలైన విశ్వవిద్యాలయాలలో చదువుకొనడానికి ఆఫ్రికా నుంచి, ఆసియా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు హైదరాబాదులో ఏళ్ల తరబడి ఉంటున్నారు. అద్దెకు ఇల్లు అడిగినప్పుడు వారికి ఎదురయ్యే చూపు ఎటువంటిది? బస్సులో వారి పక్క ఆసనం ఎందుకు ఖాళీగా ఉంటుంది? మెల్‌బోర్న్ సంగతి విని కోపంతో పిడికిలి బిగించిన చేతులే ఇక్కడ తలుపు మూస్తే, ఆ కోపానికి విలువ ఏముంటుంది?

హైదరాబాదుకు కూడా ఒక ప్రారంభోత్సవం జ్ఞాపకం ఉన్నది. 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు ఆ నగరంలో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. రెండు ఖండాల నుంచి 90కి పైగా దేశాలవారు వచ్చారు. నాడు నగరంలో చదువుకొంటున్న ఒక ఆఫ్రికా విద్యార్థి తన దేశపు జెండా కనిపించినప్పుడు ఎలా ఉప్పొంగి ఉంటాడో, బర్మింగ్‌హామ్‌లో సింధు చేతిలోని పతాకాన్ని చూచి లేచి నిలబడిన తెలుగు విద్యార్థి ఊహించగలడు. అతడూ అమ్మతో అన్నం తిన్నానని అబద్ధం చెప్పినవాడే. అతని పేరూ హాజరు పట్టీలో తప్పుగా పలికినదే. కూర్చొన్న స్టేడియాలు వేరు, వారి ఒంటరితనం ఒకటి.

ప్రారంభోత్సవం ఒక మాట ఇస్తుంది. ఆ మాట నిలుపుకొనే బాధ్యత దానిని నిర్వహించినవారిది మాత్రమే కాదు, దానిని విని చప్పట్లు కొట్టినవారిది కూడా. పరదేశంలో పరాయివాడుగా బ్రతికిన విద్యార్థికి ఆ మాట విలువ అందరికంటె బాగా తెలుసు. అందుకే అతడు ఆ ఉత్సవానికి వెళ్లాలి. వీలైతే ప్రేక్షకుడుగా, అంతకంటె మేలుగా సేవకుడుగా. వెళ్లినవాడు తన పతాకంతో పాటు పరుల పతాకాలను కూడా కన్నులారా చూడాలి. తిరిగి వచ్చిననాడు తాను అక్కడ ఆశించిన ఆదరాన్ని ఇక్కడి పరాయివానికి అందించాలి.

2030లో కామన్వెల్త్ క్రీడలకు నూరేళ్లు నిండుతాయి. ఆ సంవత్సరపు క్రీడలకు ఆతిథ్యమిచ్చే అవకాశం అహ్మదాబాద్ నగరానికి దక్కింది. 2025లో ఆ నిర్ణయం ఖరారైంది. నేడు జూనియర్ కళాశాలలో చదువుతున్నవారు అప్పటికి పెద్దవారవుతారు. కొందరు ఆ ఉత్సవంలో సేవకులుగా నిలబడతారు, కొందరు దూరదేశంలో చదువుకొంటూ తెరపై చూస్తారు. తువాలు జట్టు ద్వారం దాటి లోపలికి వచ్చినప్పుడు చప్పట్లు ఎలా మోగాలన్నది వారి చేతులలోనే ఉన్నది. అంతవరకు ఆగనవసరం కూడా లేదు. కళాశాలలో, వసతిగృహంలో, వీథి చివర అద్దె ఇంట్లో వేరే రాష్ట్రం నుంచో వేరే దేశం నుంచో వచ్చిన విద్యార్థి ఒకరు ఉండనే ఉంటారు. దగ్గరికి వెళ్లి పేరు అడగవచ్చు. మొదటిసారి సరిగా పలకలేకపోతే మరొకసారి చెప్పమనవచ్చు.